కెమెరా పెట్టమన్నారు సరే, ఫుటేజ్ ఎవరు చూడాలి?

ఎడిటర్ గారికి నమస్కారం,

శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు సైడు నాది చిన్న ఫ్యాన్సీ షాపు అండి. గల్లాపెట్టెలో డబ్బులు పోతున్నాయని రెండేళ్ల కిందట నాలుగు కెమెరాలు పెట్టించాను, బిగించిన కుర్రాడు డీవీఆర్ (రికార్డు చేసే డబ్బా) కౌంటర్ కింద తోసేసి నా ఫోన్లో యాప్ వేసి వెళ్లిపోయాడు, మళ్లీ దాని మొహం చూసింది లేదు. మొన్న హార్డ్‌డిస్క్ పోతే వేరే అతను వచ్చి, ఏటండీ ఇది, పాస్‌వర్డ్ మార్చనే లేదు, ఆ పాత కుర్రాడి ఫోన్లో కూడా మీ షాపు ఓపెన్ అవుతాది అన్నాడు. గుండె ఆగినంత పనయింది. గాజులు, క్లిప్పులు కొనడానికి వచ్చేదంతా ఆడపిల్లలే కదా.

ఇంకోటి సిగ్గుపడుతూనే చెప్తున్నాను. పక్క షాపాయన పర్సు పోయిందంటే నేనే ఫుటేజ్ ముక్క వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. పర్సు ఆయన స్కూటీ డిక్కీలోనే దొరికింది, కానీ వీడియోలో కనపడ్డ గుంటడిని ఈలోగా సగం వీధి దొంగని చేసేసింది. వాళ్లమ్మ వచ్చి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మనుషుల సొంత వివరాలు, వీడియోలో పడ్డ మొహాలతో సహా, కాపాడే 2023 డేటా రక్షణ చట్టం గురించి తర్వాత మా అల్లుడు చెప్పాడు. ఇంటి అవసరానికి సొంతంగా పెట్టుకున్న కెమెరా దానికిందకి రాదు గాని షాపుది వస్తాదంట. రూల్స్ 2025 నవంబర్లో ఇచ్చారు, మేం పాటించాల్సినవి చాలావరకు 18 నెలల తర్వాత నుంచి. డేటాకి సరైన కాపలా పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది, నా షాపుకి అంత వెయ్యరులెండి, అయినా బిగించినోడి మీదకి నెట్టేసి తప్పించుకోడానికి లేదు, బాధ్యత షాపోడిదే.

జనం ఎక్కువొచ్చే చోట కెమెరాలు పెట్టి 30 రోజులు రికార్డు దాచమని మన రాష్ట్రంలో 2013 నుంచే చట్టం ఉంది. దాచమనడం అందరికీ తెలుసు, పని అయిపోయాక చెరిపెయ్యాలనీ, పోలీసులు కేసు కోసం అడిగితే ఇవ్వడం వేరు, గ్రూపుల్లో పడెయ్యడం వేరు అనీ మాలాంటోళ్లకి చెప్పినోళ్లు లేరు. వ్యాపారులకి మీటింగ్ పెట్టి కెమెరాలు పెట్టండి అన్నప్పుడే ఇది కూడా రెండు ముక్కలు చెప్తే ఏం పోతాది?

నేనైతే పాస్‌వర్డ్ మార్చి, పాత ఫోన్లన్నిటినీ ఆ యాప్‌లోంచి తీయించేశాను. కెమెరాలున్నాయని చెప్పే బోర్డు ఒకటి ఉంది గాని అంతా ఇంగ్లీషే, వచ్చే పిల్లల్లో సగం మంది చదవరు. తెలుగులో ఏం రాయాలో ఎవరైనా వకీలు గారిని అడిగి మీ పేపర్లో ఒక మూల వెయ్యండి, కట్ చేసి అద్దానికి అంటించుకుంటాం.

ఇట్లు,
ఒక షాపు యజమాని, శ్రీకాకుళం