కోచ్‌లూ కౌలుదార్లూ

ఒరేయ్ బావా,

మొన్న రాత్రి ఫోన్‌లో ఫుట్‌బాల్ మాటొచ్చి "కోచ్‌ని పీకేస్తే గానీ మన మాంచెస్టర్ యునైటెడ్ బాగుపడదు" అని నువ్వు అరుస్తుంటే ఊఁ కొట్టి ఊరుకున్నాను. తెల్లారితే కొబ్బరి దింపు, నీతో వాదన పెట్టుకునే ఓపిక లేదు. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి రాస్తున్నాను. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపేస్తావని ఉత్తరం.

ముందు మా తోట సంగతి విను. నాన్న మోకాళ్లు పట్టేశాక కౌలుకిచ్చాం కదా, నాలుగేళ్లలో ముగ్గురు మారారు. మొన్న దింపు దగ్గర నేనూ నిలబడ్డాను. ఉత్తరపు గట్టు మీది చెట్టెక్కినాయన "మొవ్వులో కొమ్ముపురుగు పడిందండీ" అని పైనుంచి కేకేసి ఒక మట్ట కిందికి విసిరాడు. ఆకులు కత్తెర పెట్టి కోసినట్టున్నాయి. చూస్తే చెట్లకి పాదులు తీసిన గుర్తే లేదు. పంట బోదె నిండా గుర్రపుడెక్క. కౌలు చేసేవాణ్ణి నిలదీశాను. కోపం తెచ్చుకోకుండా "ఏడాదికే కాగితం రాశారు కదండీ. పై ఏడు ఎవరుంటారో తెలీనప్పుడు నేను ఎరువెందుకు పెడతానండీ?" అన్నాడు. ఏం చెప్పను? న్యాయమే కదా!

అప్పట్నుంచీ నాకు మీ యునైటెడ్ కౌలు తోటలాగే కనిపిస్తోంది. 2013లో కోచ్ ఫెర్గూసన్ దిగిపోయాక కొత్త కోచ్ మోయెస్‌కి ఆరేళ్ల కాగితం రాసి పది నెలలకే పంపేశారు. ఆ తర్వాతి కోచ్ వాన్ గాల్ 2016లో ఇంగ్లండ్ నాకౌట్ కప్పు, అదే ఎఫ్ఏ కప్, గెలిస్తే రెండు రోజులకే సాగనంపారు. తర్వాత మౌరినో, సోల్షేర్, టెన్ హాగ్, మధ్యలో తాత్కాలికంగా వచ్చినవాళ్లు సరేసరి. వచ్చినవాడల్లా తన ఆటకి సరిపడే వాళ్లని కొనమంటాడు, తర్వాతివాడు వాళ్లు నాకొద్దంటాడు. డి మారియా అనే ఆటగాడు గుర్తున్నాడా? 2014లో 59.7 మిలియన్ పౌండ్లు పెట్టి కొన్నారు, అప్పటికి అది బ్రిటన్‌లో రికార్డు. ఏడాది తిరక్కుండానే పారిస్‌కి అమ్మేశారు. నారు పోసినవాడొకడు, పీకేసినవాడొకడు. అంత పెద్ద క్లబ్బులో 2021 దాకా, కోచ్ ఎవరైనా జట్టు దారి తప్పకుండా చూసే ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే పదవే లేదట, అదీ విడ్డూరం! పైగా ఫెర్గూసన్ వెళ్లిన వేసవిలోనే క్లబ్బు వ్యవహారాలు చూసే డేవిడ్ గిల్ కూడా తప్పుకున్నాడు. రైతూ, కాలవల సంగతి తెలిసిన పెద్దపాలేరూ ఒకే రోజు బండెక్కేశారన్నమాట.

"ఫెర్గూసన్‌కి టైమిచ్చారు, అందరికీ ఇవ్వాలి" అని నువ్వే అంటుంటావు, మ్యాచ్ ఓడిన రోజు తప్ప. ఆయన 1986 నవంబరులో వచ్చాడు. 1989-90లో లీగ్‌లో 13వ స్థానం. ఆ జనవరిలో ఎఫ్ఏ కప్ మ్యాచ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టు మీద మన మార్క్ రాబిన్స్ గోల్ కొట్టి గెలిపించాడు, ఆ ఏటి ఎఫ్ఏ కప్పే ఫెర్గూసన్‌కి అక్కడ మొదటి కప్పు. లీగ్ టైటిల్ 1993లో వచ్చింది. దేశవాళీ కొబ్బరిమొక్క కాపుకొచ్చేంత కాలం పట్టిందిరా! ఈలోపు ఊరికే కూర్చోలేదు. కుర్రాళ్లని వెతికేవాళ్లని పెంచాడు. 1992లో కుర్రాళ్ల పోటీ యూత్ కప్ గెలిచిన జట్టులో గిగ్స్, బెకమ్, బట్, గ్యారీ నెవిల్ ఉన్నారు.

ఇక్కడ నువ్వు కోచ్‌లని మారుస్తూనే కప్పులు కొట్టిన చెల్సీ క్లబ్బు పేరెత్తుతావని నాకు తెలుసు. ఎత్తు. వాళ్ల కోచ్ డి మాటియో 2012 మార్చిలో వచ్చి మేలో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు, నవంబరుకల్లా ఇంటికెళ్లాడు. టూకెల్ కూడా 2021 జనవరిలో వచ్చి మేలో గెలిచినవాడే. కోచ్‌ని మార్చడమే తప్పయితే వీళ్లకి కప్పులెలా వచ్చాయి? 2012 సంగతే తీసుకో. చెక్, టెర్రీ, లాంపార్డ్, ద్రోగ్బా లాంటి ఆటగాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. కౌలుదారు మారినా చెట్లు అవే. డబ్బూ ఆగలేదనుకో.

నాకు నచ్చేది బ్రైటన్ క్లబ్బు. 2022 సెప్టెంబరులో వాళ్ల కోచ్ పాటర్‌ని, కూడా ఉన్న సిబ్బందిని చెల్సీ పట్టుకుపోయింది. వాళ్లు కంగారు పడలేదు. డి జెర్బీని తెచ్చుకుని ఆ సీజన్‌లోనే ఆరో స్థానంలో నిలిచి మొదటిసారి యూరప్ పోటీలకి వెళ్లారు. ఏ మొక్క నాటాలో అక్కడ ఆసామీయే ముందు తేల్చుకుంటాడు, ఆ సాగు తెలిసినవాణ్ణి చూసి కౌలుకిస్తాడు.

మరి కోచ్‌ని కదపకుండా ఉంచితే చాలా అంటే, మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఉంది కదా ఏడిపించడానికి. 2022 మార్చి 20న మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ ఫైనల్ మా అరుగు మీద టీవీ పెట్టుకుని చూశాం. ఓడిపోయాం అనుకుంటుంటే 88వ నిమిషంలో మన తవోరా కొట్టిన గోలు! తర్వాత మన గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు మూడు ఆపాడు. మూడోది ఆపినప్పుడు నువ్వెగిరిన ఎగురుకి మా అమ్మ కాఫీ గ్లాసులు వదిలేసింది, ఆ మరక అరుగు మీద ఇంకా ఉంది. కోచ్ మనోలో మార్కెజ్ మూడు సీజన్లు ఉన్నాడు, కుర్రాళ్లని పెంచాడు, అన్నీ బాగానే చేశాడు. కానీ పై నుంచి నీళ్లు ఆగిపోయాయి. జీతాల బకాయిలు, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం, 2023-24లో అట్టడుగు స్థానం. చివరికి ఊరే మారి ఢిల్లీకి పోయింది. ధవళేశ్వరంలో ఆనకట్ట లేకపోతే మన డెల్టాలో ఎంత మంచి రైతుంటే మాత్రం ఏం లాభం?

అందుకని బావా, కోచ్‌ని తిట్టడం కాస్త ఆపి, ఆయన్ని కూర్చోబెట్టినవాళ్లని కూడా రెండు తిట్టు.

అన్నట్టు, ఈ ఆదివారం కౌలు మాట్లాడుకోవాలి. ఈసారి అదే మనిషికి మూడేళ్లకి కాగితం రాద్దాం, పాదులూ బోదె పూడికా అతని బాధ్యత అని నాన్నని ఒప్పించాను. సాక్షి సంతకానికి నువ్వు రావాలి. మొదటేడు కాయ తగ్గితే నాన్న ఏమంటారో మాత్రం నాకు భయంగానే ఉంది. ఆయన మ్యాచ్ చూసేటప్పుడు అచ్చం నీలాగే అరుస్తారు.

ఉంటాను మరి.

నీ మావ