ఆరో నంబరు మంచం పిన్నిగారికి

నాన్నని నిన్న సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాం. మొత్తం 23 రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఎడమ కాలికి రెండు వేళ్లు తీసేశారు, కాలు మాత్రం దక్కింది. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. అందరికీ దండాలు. మా ఆయన, అక్కాబావలు, పిల్లల్ని చూసుకున్న అత్తయ్యగారు, వీళ్లంతా ఇంట్లోవాళ్లు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇవాళ నేను చెప్పాల్సింది ఇంకొకావిడ గురించి. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. వార్డులో అందరూ ఆరో నంబరు మంచం పిన్నిగారు అనేవారు.

ముందు నా బొమ్మల సంగతి చెప్పాలి. హైస్కూల్లో ఉండగా మా డ్రాయింగ్ మాస్టారు మమ్మల్ని రాజమండ్రి తీసుకెళ్లి దామెర్ల రామారావు గారి చిత్రశాల చూపించారు. 1925లో, ముప్ఫై ఏళ్లైనా నిండకుండా పోయిన మనిషి వేసిన బొమ్మలవి. ఆ రోజు నుంచి గీస్తూనే ఉన్నాను, పెళ్లయ్యాక కూడా మానలేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. బియ్యం అటకెక్కించాం, గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలాం. నా పుస్తకాలున్న ట్రంకు పెట్టె మంచం కిందే ఉండిపోయింది. నీళ్లు తీశాక తెరిస్తే కాగితాలూ ఒండ్రూ కలిసి ఒకటే ముద్ద. ఆ తర్వాత పెన్సిల్ పట్టుకోబుద్ధి కాలేదు.

నాన్నది షుగర్ పుండు. పొద్దున్నే డ్రెస్సింగ్‌లో పాత గాజుగుడ్డ ఊడదీస్తుంటే మంచం కడ్డీ పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకునేవారు. అరిచినా బాగుండును, అరిచేవారు కాదు. మూడో రోజు చూడలేక, ధ్యాస మళ్లిద్దామని, "86 వరదలో దూడని ఎలా తెచ్చావు నాన్నా?" అని అడిగాను. చేతిలో ఉన్న రక్తపరీక్ష కాగితం వెనక్కి తిప్పి, ఆయన చెబుతుంటే బాల్‌పెన్నుతో గీశాను. అరటి బోదెల తెప్ప, దాని మీద దూడ, మెడలోతు నీళ్లలో వెనక నుంచి తోసుకొస్తున్న నాన్న. ఆయన కళ్లు తెరిచి చూసి, "దాని నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది, వెయ్యలేదేం?" అన్నారు. నర్సు "అయిపోయింది బాబాయ్" అనేదాకా డ్రెస్సింగ్ జరుగుతోందన్న సంగతే మా ఇద్దరికీ గుర్తు లేదు.

అప్పట్నుంచి రోజుకో బొమ్మ, ఒక్కో రోజు రెండు. వార్డంతా పాకింది. తొమ్మిదో మంచం ఆయన తను నడిపే పంటు పడవ గీసిపెట్టమన్నాడు. ఒకావిడ ఇంటి దగ్గర వదిలొచ్చిన కుక్క ఎలా ఉంటుందో అరగంట వర్ణించింది. నేను గీసినదానికీ ఆ కుక్కకీ పోలిక ఉందో లేదో, ఆవిడ మాత్రం ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పడుకుంది. మా నాన్న కథల బొమ్మలు మాత్రం మంచం పక్క గోడకి ప్లాస్టర్ ముక్కలతో అంటించాను.

పిన్నిగారిది నరసాపురం వైపు. వాళ్లాయనకీ కాలి పుండే. ఆవిడ లేసు అల్లుతారు. దారం చూపుడువేలికి రెండు చుట్లు చుట్టుకుని, సూది వైపు చూడకుండానే, సెలైన్ చుక్కల్ని చూస్తూ అల్లేవారు. రూపాయి బిళ్లకి నాలుగింతలుండే పువ్వులు, అయినవి అయినట్టు బ్రెడ్ కవర్లో దాచేవారు. అవి ఎక్కడికో వెళ్లి వేరేవాళ్ల చేతుల్లో టేబుల్ క్లాత్ అవుతాయట. పూర్తయిన క్లాత్‌ని ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదట. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందండీ, పేపర్లో వేశారు అంటే, "అలాగా" అని, ఏజెంటు ఇంకా పాత రేటే ఇత్తన్నాడని చెప్పి మళ్లీ సూది అందుకున్నారు.

ఆపరేషన్ రోజు నేను పొద్దున్నుంచి మూడు గంటలదాకా థియేటర్ బయటే ఉన్నాను. వార్డుకి తిరిగొచ్చేసరికి గోడ ఖాళీ. ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నారని శుభ్రం చేశారట, కాగితాలన్నీ చెత్తలోకి పోయాయట. నాలుగు రోజులుగా పొంగుతున్న బాత్రూమ్ మాత్రం అలాగే ఉంది. ఇవాళ ఫిర్యాదులు రాయకూడదనుకున్నాను గానీ, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. రోగితో ఉండే మనిషికి ఒక స్టూల్ వెయ్యరు. ఒక్క రిపోర్టు కోసం మూడు కౌంటర్లు తిప్పుతారు. రాత్రి మందులకి కిందకి వెళ్తే పాసు లేదని గేటు దగ్గర ఆపేస్తారు. గోడ మీద నాలుగు కాగితాలే వాళ్లకి అడ్డమయ్యాయి.

ఆ రోజు నాకు ఏడుపు కూడా రాలేదు. వరదకి పోయినట్టే ఇవీ పోయాయి, నా చేతి బొమ్మలకి ఉండే రాత లేదు అనుకుని నేల మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున పిన్నిగారు భుజం తట్టి లేపారు. ఒళ్లో ఒక పుస్తకం పెట్టారు. నా బొమ్మలే. బిల్డింగు వెనక చెత్తకుప్పలో వెతికి, తడిగుడ్డతో తుడిచి, కిటికీ ఊచలకి ఆరబెట్టి, రాత్రంతా లేసు దారంతో కుట్టారు. ఒక కాగితం మీద టీ మరక, ఇంకోదానికి అంచు చిరిగితే ఆ అంచు పొడుగునా చిన్న చిన్న ముడులతో అల్లిక. అట్ట మీద ఒక లేసు పువ్వు. అది ఏజెంటుకి ఇవ్వాల్సిన లెక్కలోది.

నేను నోరు తెరిచేలోపు ఆవిడే అన్నారు: "పద్నాలుగుండాలి, గోడ మీద లెక్కెట్టుకునేదాన్ని. పదమూడే దొరికినియ్యి. దూడ బొమ్మ దొరకలేదమ్మాయ్, రెండుసార్లు ఎల్లాను. దాని బదులు తెల్లకాయితం ఒకటి కలిపి కుట్టాను, మళ్లీ గియ్యి."

తప్పు తనదైనట్టు చెప్పారు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, 12 రోజులది అంతా. ఆవిడ వారించలేదు, పక్కనే కూర్చుని అల్లుకుంటూ ఉండిపోయారు.

తర్వాత వారానికి, నేను మందులు తేవడానికి వెళ్లొచ్చేసరికి ఆరో మంచం మీద కొత్త దుప్పటి, కొత్త పేషెంటు. వాళ్లాయన్ని వేరే ఊరు పంపించారని చెప్పారు. ఆ కాలు ఎలా ఉందో తెలీదు. ఫోన్ నంబరు తీసుకోలేదు, ఏ వీధో అడగలేదు. ఆవిడకి చదవడం రాదు. నరసాపురం వైపువాళ్లు ఎవరికైనా ఆవిడ ఎవరో తట్టితే, దయచేసి ఇది చదివి వినిపించండి. పిన్నిగారూ, పుస్తకం పాలిథిన్ కవర్లో చుట్టి అటక మీద పెట్టాను. మంచం కింద పెట్టలేదు.

తొందరలో మర్చిపోయాను, ఎదురుగా జిరాక్స్ షాపు బాబాయిగారు పాడైపోయిన కాపీల కట్ట వెనకవైపు గీసుకోమని ఊరికే ఇచ్చారు. నైట్ డ్యూటీ సిస్టర్ గారు లైటు ఆర్పకుండా ఉంచేవారు. నిన్న రేవులో నాన్నని కుర్చీతో సహా పడవలోకి ఎత్తిన కుర్రాళ్లిద్దరూ ఎవరో, వాళ్లకీ దండాలు. అయ్యో, రక్తం ఇచ్చిన బావగారి స్నేహితుణ్ని రాయనేలేదు.

తెల్లకాగితం ఇంకా అలాగే ఉంది. తెల్లమచ్చ ఈసారి మర్చిపోవద్దని నాన్న పొద్దున్నుంచి రెండుసార్లు గుర్తుచేశారు.