మా పూల్ కస్టమర్లందరికీ: ఈ వేసవి నుంచి మారుతున్న మా పద్ధతి

నమస్కారమండీ. శివరాత్రి దాటింది. చలికాలమంతా వాడని పూళ్లు శుభ్రం చేసి తెరవమని ఫోన్లు మొదలయ్యాయి. కొత్తగా కట్టుకుంటున్నవాళ్లు కొటేషన్ వాట్సాప్‌లో పెట్టమంటున్నారు. ఇకనుంచి పూల్ కొలతలు చూసి మాత్రమే కొటేషన్ ఇవ్వం. ముందు మీ బోరు నీళ్లు ఒక లీటరు పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తాం, ఆ తర్వాతే ఏ మిషన్ పెట్టాలో చెబుతాం. దీనివల్ల వారం ఆలస్యమవుతుంది. కొందరు వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోతారని కూడా తెలుసు. అయినా ఇదే సరైన పద్ధతని నా నమ్మకం.

మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు మేం చూసే పూళ్లు చాలావరకు బోరు నీళ్లతో నిండేవే. పక్కపక్క తోటల్లోనే ఒక బోరు నీళ్లు మెత్తగా ఉంటాయి, ఇంకో బోరు నీళ్లకు సబ్బు నురగే రాదు. తాగే నీళ్లకు మన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం హార్డ్‌నెస్, అంటే నీళ్లలో కరిగిన సున్నం లాంటి లవణాలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. పూల్‌కైతే 200 నుంచి 400 మధ్య ఉంటే ఏ ఇబ్బందీ ఉండదు. అది దాటి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) కూడా పెరిగితే సున్నం బయటపడుతుంది. టైల్స్ అంచున తెల్లటి గీత కనబడుతుంది కదా, అదే. కనబడనిచోట, ఫిల్టర్ ఇసుకలో అది గడ్డలు కడుతుంది.

ఇప్పుడు అందరూ అడుగుతున్న సాల్ట్ క్లోరినేటర్ సంగతి. పూల్ నీళ్లలో మామూలు ఉప్పు కలిపి, ఆ నీళ్లను కరెంటు పారే టైటానియం ప్లేట్ల మధ్య నుంచి పంపితే అక్కడికక్కడే క్లోరిన్ తయారవుతుంది. కళ్ల మంట తక్కువ, క్లోరిన్ డబ్బాలు మోసే పని లేదు. మంచి నీళ్లున్నచోట నేనే పెట్టుకోమంటాను. అది పనిచేయాలంటే ఉప్పు 3,000 నుంచి 4,000 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉండాలి, అంటే 40 వేల లీటర్ల పూల్‌కు 120 నుంచి 160 కిలోలు. చిక్కల్లా హార్డ్ వాటర్‌తోనే. గీజర్ కాయిల్‌కు పట్టినట్టే ఆ ప్లేట్లకూ సున్నం పడుతుంది. యాసిడ్‌తో కడిగితే పోతుంది గానీ, కడిగిన ప్రతిసారీ ప్లేట్ల మీది పూత అరుగుతుంది. పూత పోతే ఆ ప్లేట్లుండే సెల్ మొత్తం మార్చాల్సిందే, మిషన్ ఖరీదులో పెద్ద భాగం ఆ సెల్‌దే. అందుకని హార్డ్‌నెస్ 400 దాటిన బోరు మీద ఇక సాల్ట్ క్లోరినేటర్ అమ్మం, మీరు పట్టుబట్టినా సరే. ఇంకోమాట: సాల్ట్ పూల్ బ్యాక్‌వాష్ (ఫిల్టర్ ఇసుకలోకి నీళ్లు వెనక్కి పంపి కడగడం) నీళ్లు మామిడి పాదుల్లోకి వదలకండి. మామిడి ఉప్పుకు తట్టుకోదు. ఆకుల అంచులు మాడుతుంటే చాలామంది తెగులనుకుని మందు కొట్టిస్తున్నారు.

పంపు విషయంలో మా మాట చాలామందికి నచ్చదు. పెద్దది పెడితే నీళ్లు బాగా శుభ్రమవుతాయన్నది గట్టిగా నాటుకుపోయిన అభిప్రాయం. లెక్క చూడండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.25 మీటర్ల లోతున్న పూల్‌లో 40 వేల లీటర్లు పడతాయి. ఆ నీళ్లన్నీ 6 గంటల్లో ఒకసారి ఫిల్టర్ గుండా తిరిగితే ఇంటి పూల్‌కు చాలు. అంటే గంటకు 6,700 లీటర్లు. దానికి 600 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఫిల్టర్, ముప్పావు హెచ్‌పీ పంపు సరిపోతాయి. అదే ఫిల్టర్‌కు 2 హెచ్‌పీ పంపు తగిలిస్తే నీళ్లు ఇసుకలో నిలవకుండా దూసుకుపోతాయి, సన్నటి మట్టి మళ్లీ పూల్‌లోకే వచ్చి పడుతుంది. కరెంటు బిల్లు సరేసరి.

ఖర్చు పెట్టగలిగితే స్పీడు మార్చుకునే పంపు తీసుకోండి. స్పీడు సగానికి తగ్గిస్తే పారే నీళ్లు సగమవుతాయి, కరెంటు మాత్రం సిద్ధాంతం ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆచరణలో అంత తగ్గకపోయినా, తేడా మీటర్లో కనబడేంత ఉంటుంది. మీరు పూల్‌లో దిగినా దిగకపోయినా పంపు రోజూ నడవాల్సిందే కాబట్టి నెలకోసారి వెళ్లే ఫాంహౌస్‌కూ ఈ లెక్కే. కాకపోతే ఆ పంపులో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. ఊళ్ల లైన్లలో ఓల్టేజీ ఎగుడుదిగుడులకు అది తట్టుకోలేదు, స్టెబిలైజర్ తప్పనిసరి. ఆ ఖర్చు కూడా ఇకనుంచి కొటేషన్‌లోనే చూపిస్తాం.

అమెరికా నుంచి పిల్లలు పంపే పంపుల గురించి కూడా చెప్పాలి. అమ్మానాన్నల ఇంటికి మంచిది పెట్టాలన్న ప్రేమ నాకర్థమవుతుంది. కానీ అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడి మామూలు మోటారు ఇక్కడ నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కుతుంది. పైగా స్పేర్లు దొరకవు. అటువంటివి బిగించమని దయచేసి అడగకండి.

ఇక రోజువారీ పని. ఇది ఎక్కువగా మీ వాచ్‌మన్ చేతిలో ఉంటుంది కాబట్టి ఆయనకూ చదివి వినిపించండి. బ్యాక్‌వాష్ తారీఖు చూసి చేసేది కాదు, ఫిల్టర్ మీది ప్రెషర్ గేజ్ చూసి చేసేది. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో మా కుర్రాళ్లు అక్కడ ఎర్ర పెయింట్ గీత పెడతారు. ముల్లు దానికి అర బార్ పైకి వెళ్లినప్పుడే బ్యాక్‌వాష్. రోజూ చేస్తే ఒక్కోసారికి మూడు నాలుగు వందల లీటర్లు మోరీ పాలవుతాయి. నిజానికి కొద్దిగా మట్టి పట్టిన ఇసుకే కొత్త ఇసుక కన్నా బాగా వడగడుతుంది. పంపు ఆపకుండా వాల్వ్ పిడి తిప్పితే లోపలి గ్యాస్కెట్ చిరుగుతుంది, ఆ తర్వాత పిడిని ‘ఫిల్టర్’ దగ్గర పెట్టినా నీళ్లు బయటికి పోతూనే ఉంటాయి. పూల్ లీకవుతోందని వచ్చే ఫోన్లలో ఇలాంటివి బోలెడు.

టెస్ట్ కిట్ కూడా మారుస్తున్నాం. చుక్క వేస్తే పసుపు రంగుకు తిరిగే పాత కిట్ మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది, ఇంకా ఖర్చవకుండా మిగిలిన ఫ్రీ క్లోరిన్ ఎంతో విడిగా చెప్పదు. పసుపు వచ్చింది కదా అనుకుంటూ ఉండగానే నీళ్లు నాచు పట్టి పచ్చబడతాయి. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ అందరికీ ఇస్తాం. ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.6 ఉండాలి. పీహెచ్ 7.5 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో దాదాపు సగం చురుగ్గా పనిచేస్తుంది, 8 దగ్గర పావు వంతు కూడా ఉండదు. అందుకే పచ్చబడ్డ పూల్‌లో క్లోరిన్ గుమ్మరించే ముందు పీహెచ్ చూడమంటాం.

బ్లీచింగ్ పౌడర్ వాడకం మేం మానేస్తున్నాం. చవకే, కానీ దాంట్లోని సున్నం అడుగున చేరి, ముందే హార్డ్‌గా ఉన్న నీళ్లను ఇంకా పాడుచేస్తుంది. టీసీసీఏ అనే క్లోరిన్ బిళ్లలు కూడా ఒక హద్దులోనే వాడతాం. వాటితో సయనూరిక్ యాసిడ్ నీళ్లలో చేరి పేరుకుంటుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడుతుంది, 100 దాటితే క్లోరిన్‌నే పనిచేయనివ్వదు. దాన్ని తగ్గించాలంటే సగం పూల్ పారబోసి కొత్త నీళ్లు పట్టడమే దారి. 2024 మార్చిలో బెంగళూరులో పూళ్లకు తాగునీళ్లు వాడకుండా అక్కడి జలమండలి నిషేధం పెట్టింది. ట్యాంకర్ల కోసం జనం ఎదురుచూసే నెలల్లో 20 వేల లీటర్లు మోరీలోకి వదలడం నాకు మనసొప్పదు.

టీసీసీఏ బిళ్లలను, కాల్షియం హైపోక్లోరైట్ అనే ఇంకో క్లోరిన్ పొడిని ఒకే బకెట్లో గానీ, ఒకే గరిటెతో గానీ కలపకండి. అంటుకుంటుంది, పేలుతుంది కూడా. యాసిడ్‌కు క్లోరిన్ తగిలితే విషవాయువు వస్తుంది. రెండూ వేరువేరు గదుల్లో పెట్టించండి.

భద్రత విషయంలో బేరం లేదు. అడుగున ఒకే డ్రెయిన్ ఉండి దాని మూత సరిగ్గా లేకపోతే పంపు పీల్చే బలానికి చిన్నపిల్లలు అతుక్కుపోతారు. 2002లో అమెరికాలో ఆ దేశ మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పాప, అలాగే హాట్ టబ్ డ్రెయిన్‌కు చిక్కుకుని చనిపోయింది. 2007లో ఆ పాప పేరుతోనే అక్కడ చట్టం వచ్చింది. మా కొత్త పూళ్లలో దూరదూరంగా రెండు డ్రెయిన్లు, వాటికి జుట్టూ వేళ్లూ ఇరుక్కోని ఉబ్బెత్తు మూతలు, 12 ఓల్టుల లైట్లు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) ఉంటాయి. ఇందులో ఏది తీసేయమన్నా పని ఒప్పుకోం. పాత పూళ్లలో ఇవి లేకపోతే ఈ నెలలోనే చూసి చెబుతాం, చూసినందుకు డబ్బు తీసుకోం.

చివరగా ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం. ఇన్నాళ్లూ మందులతో కలిపి నెలకు ఒకే మొత్తం తీసుకున్నాం. ఆ పద్ధతిలో మందు తక్కువ వేస్తే మాకు లాభం, ఆ అనుమానం మీకు ఎప్పుడూ ఉంటుంది, ఉండడంలో తప్పు లేదు. ఏప్రిల్ నుంచి మనిషి ఖర్చు వేరు, మందుల ఖర్చు వేరు. డబ్బా సీలు మీ మనిషి కళ్లెదుటే తీస్తారు. ఎంత వేశారో, ఆ రోజు రీడింగులు ఎంతో పంపు గదిలోని పుస్తకంలో రాస్తారు. మే నెలలో మీ బిల్లు ఇప్పటికన్నా పెరుగుతుంది, చలికాలంలో తగ్గుతుంది. గడువు మిగిలి ఉన్న పాత ఒప్పందాలు ఆ గడువు తీరే వరకు పాత రేటుకే నడుస్తాయి. నీళ్ల శాంపిల్ కోసం మా అబ్బాయి వచ్చినప్పుడు సంపు నీళ్లు కాకుండా, బోరు మోటారు పది నిమిషాలు వేసి పట్టించండి.