బ్లాక్‌సాడ్ పేల్చిన తుపాకీ

చిట్టితల్లీ,

పాత్రలన్నీ జంతువులే అయిన బ్లాక్‌సాడ్ కామిక్స్‌లో మొదటి పుస్తకం రాత్రికి రాత్రే చదివేశావని నీ మెసేజ్ చూసి చాలా సంతోషించాను. చివర "వాణ్ణి కాల్చి పారేయడమే కరెక్టమ్మా" అని రాశావు చూడు, దాని గురించి నీతో మాట్లాడాలనిపించింది. ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే ఈ ఉత్తరం.

నీ కోపం నాకు తెలుసు. నటి నటాలియా హత్య వెనక ఉన్నది డబ్బూ పలుకుబడీ ఉన్న స్టాటాక్ అనే కప్ప. పోలీసు కమిషనర్ స్మిర్నోవ్ మీదే పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఒకప్పుడు ఆమెను ప్రేమించిన నల్లపిల్లి డిటెక్టివ్ బ్లాక్‌సాడ్ తప్ప ఆమె తరఫున అడిగేవాళ్లే లేరు. చట్టం తన జోలికి రాదన్న ధీమాతో ఆ స్టాటాక్ మాట్లాడుతుంటే నాకూ ఒళ్లు మండింది.

కానీ బ్లాక్‌సాడ్ స్టాటాక్‌ను కాల్చాక ఏం జరిగిందో ఆ పేజీలు మళ్లీ తిరగెయ్యి. గెలిచానన్న మాట బ్లాక్‌సాడ్ నోట ఎక్కడైనా వస్తుందా? చీకటి దారిలో అడుగుపెట్టినవాడిలా మాట్లాడతాడు. స్మిర్నోవ్ అతన్ని కాపాడతాడు. అక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. డబ్బున్నవాడి కోసం పక్కకు తప్పుకున్న చట్టమే మన హీరో కోసమూ తప్పుకుంది! మనకు ఇష్టమైనవాడు కాబట్టి మనం పట్టించుకోలేదు, అంతే.

ఈ కథ 1950ల అమెరికాలో నడుస్తుంది కదా. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1954లో, అక్కడి కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తాము ఒక నియమావళి పెట్టుకున్నారు. ప్రతి కథలోనూ మంచే గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడాలి, పోలీసుల మీదా జడ్జీల మీదా ప్రభుత్వాధికారుల మీదా గౌరవం తగ్గేలా ఏదీ చూపకూడదు. పైవాళ్ల మాటకు తలొంచే పోలీసు వ్యవస్థ ఉన్న ఈ కథకు ఆ నియమావళి ఆమోదముద్ర దొరికేదే కాదు. ఆ కాలం గురించిన ఈ కథ 2000లో ఫ్రాన్స్‌లో అచ్చయింది. రాసిన హువాన్ డియాజ్ కనాలెస్, బొమ్మలు వేసిన హువాన్‌హో గ్వార్నిడో ఇద్దరూ స్పెయిన్ వాళ్లు. నేరస్థుడు చచ్చాడు, లెక్క సరిపోయింది అనుకుంటే, ఆ పాత నియమావళి కోరిన ముగింపునే మనం ఈ పుస్తకానికి అంటగట్టినట్టు అవుతుంది. అది నాకు అన్యాయంగా తోస్తుంది.

బొమ్మల దగ్గర కూడా తొందరపడకు. గ్వార్నిడో పారిస్‌లో డిస్నీ స్టూడియోలో పనిచేసినవాడు, టార్జాన్ సినిమాలో సాబోర్ అనే చిరుతకు ప్రాణం పోసింది ఆయనే. అందుకే ఇక్కడ ఒక చెవి వాలినా, మెడ మీద వెంట్రుక లేచినా ఊరికే కాదు. మాటలు ఒకటి చెబుతుంటే ఒళ్లు ఇంకోటి చెబుతుంది. నీడలన్నీ నీటిరంగులతో పొరలు పొరలుగా వేసినవి, కాబట్టి ఎంత చీకటి గదిలోనైనా ఏదో ఒక మూల కనిపిస్తూనే ఉంటుంది. మొదట మాటలు వదిలేసి బొమ్మలు మాత్రమే చూస్తూ ఒకసారి పోయి రా. ఎవరు అబద్ధమాడుతున్నారో నీకే తెలిసిపోతుంది.

రెండోది, ఆర్కటిక్ నేషన్, రేపే పంపుతున్నాను. నా దృష్టిలో మొత్తం సిరీస్‌లో ఇదే గొప్పది. జంతువుల బొచ్చు రంగును పట్టుకుని ఆనాటి అమెరికా జాతి ద్వేషాన్ని సూటిగా చూపించారు. తెల్ల బొచ్చువాళ్ల ముఠా ఒకటి, కరప్ అనే ధ్రువపు ఎలుగుబంటి పోలీసు అధికారి, తప్పిపోయిన ఒక పాప. వీక్లీ అనే విలేకరి ఇందులోనే పరిచయమవుతాడు, నీకు తప్పకుండా నచ్చుతాడు. మొదటి పది పేజీల్లోనే దోషి ఎవరో నీకు తెలిసిపోయినట్టు అనిపిస్తుంది. ఆ పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకుని చదువు. అంతకు మించి చెప్పను.

మూడోదాంట్లో కమ్యూనిస్టుల వేట, అణుశాస్త్రవేత్తలు ఉంటారు. దానికింకా తొందరలేదు.

రెండోది అయిపోయాక నాకు ఒక్క సంగతి రాయి. స్టాటాక్‌ను కోర్టు దాకా ఈడ్చుకెళ్లే దారి బ్లాక్‌సాడ్‌కు నిజంగా లేదా? స్మిర్నోవ్, బ్లాక్‌సాడ్ ఇద్దరూ కలిసి ఇంకొంచెం ధైర్యం చేసి ఉంటే ఉండేదేమోనని నాకు అనిపిస్తోంది. నువ్వు ఒప్పుకోవని తెలుసు. ఎందుకు ఒప్పుకోవో మాత్రం వివరంగా రాయి.

ముద్దులతో,
అమ్మ