గుంటూరు పెద్దాసుపత్రి సిస్టర్ గారికి

ఆ రాత్రి మా అక్కకి చేతికి కట్టు కట్టించడానికి క్యాజువాల్టీకి తీసుకొచ్చాం. కొట్టింది బావే. అందరం అక్క చుట్టూ చేరాం. పదో తరగతి చదివే అక్క కొడుకు గోడకి ఆనుకుని నిలబడితే, మీ కన్ను మాత్రం వాడి మీద పడింది.

"అన్నం తిన్నావా నాన్నా?" అని మీ క్యారేజీ తెరిచి పెరుగన్నం పెట్టారు. తింటున్నంతసేపూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆ వయసు పిల్లల్ని గుచ్చి గుచ్చి అడిగితే ఇంకా బిగుసుకుపోతారు, అది మీకు తెలుసు. చివరికి వాడే నోరు విప్పాడు: "నేను అడ్డం వెళ్ళుంటే అమ్మకి దెబ్బ తగిలేది కాదు."

"నీ తప్పేం లేదు నాన్నా. అడ్డం వెళ్ళడం కాదు, ఫోన్ చెయ్యడం నీ పని" అని చీటీ మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 రాసిచ్చారు. అర్ధరాత్రయినా పలుకుతారనీ, డబ్బులు పడవనీ చెప్పారు. 2005 గృహహింస చట్టం ఉంది, మీ అమ్మని ఇష్టమొచ్చినట్టు ఇంట్లోంచి గెంటెయ్యడానికి వీల్లేదని కూడా వాడికే, పెద్దవాడికి చెప్పినట్టు చెప్పారు. ఆ గౌరవమే వాణ్ణి నిలబెట్టింది సిస్టర్!

అక్క ఇప్పుడు మా దగ్గరే ఉంది. ఆ చట్టం కింద సాయం చేసే రక్షణాధికారికి ఫిర్యాదు ఇచ్చింది, వాడే పక్కనుండి తీసుకెళ్ళాడు. రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు కూడా. మీ పేరు తెలియదు. మీకు దండం తల్లీ.