ఫ్లోరైడ్ ఫిల్టర్లలో గుళికలు ఎవరు మారుస్తారు?

సంపాదకుల వారికి,

యవత్మాల్ జిల్లా కేళాపూర్ తాలూకాలో, పెన్‌గంగకు ఇవతలి గట్టున, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊరు మాది. బోరింగు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని తేలాక కొన్నేళ్ల క్రితం దానికి ఒక ఉక్కు డ్రమ్ము బిగించి, అందులో ఫ్లోరైడ్‌ను పట్టుకునే తెల్లని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికలు నింపి వెళ్లారు. ఆ తర్వాత దాని మూత తెరిచినవారు లేరు. డ్రమ్ము ఉంది కాబట్టి నీరు మంచిదేనని ఊరంతా నిశ్చింతగా ఉంది.

ఆ డ్రమ్ములో జరిగే పనిని అధిశోషణం అంటారు. గుడ్డలో మట్టి ఆగినట్లు అందులో ఫ్లోరైడ్ ఆగదు. నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడ్ అయాన్లు గుళికల ఉపరితలానికి అంటుకుంటాయి. గుళికల నిండా సన్నని రంధ్రాలు ఉండటం వల్ల ఒక్క గ్రాములోనే వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది గాని, ఎంత ఉన్నా ఆ చోటు ఎప్పటికో ఒకప్పటికి నిండిపోతుంది, క్షారగుణం ఎక్కువగా ఉన్న నీటిలోనైతే మరీ త్వరగా నిండుతుంది. నిండిన తర్వాత కూడా ధార తగ్గదు, రంగు, రుచి మారవు. వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది.

గత నెల నేను, పదో తరగతి చదివే మా మనవరాలు కలిసి జిర్కోనియం-అలిజరిన్ కిట్టుతో పరీక్షించాము. మంచినీటిలో గులాబీ రంగులో ఉండే ఆ ద్రావణం ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. డ్రమ్ములోకి వెళ్లే నీటిని, బయటికి వచ్చే నీటిని రెండు గాజు గొట్టాల్లో పక్కపక్కన పెట్టాము. రెండూ ఒకే పసుపు రంగులో ఉండటంతో ఏది ఏదో పిల్ల మరిచిపోయి మళ్లీ నీళ్లు పట్టుకు రావలసి వచ్చింది. కచ్చితమైన అంకె ప్రయోగశాలే చెప్పాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతి ఉంది.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ఫ్లోరైడ్ తీయడానికి రూపొందించిన పటిక, సున్నం పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు. దానికి రోజూ ఒకరు కూర్చుని మందు కలపాలి. అల్యూమినాకు ఆ శ్రమ లేదు. శ్రమ లేదు కాబట్టే దాన్ని అందరూ మరిచిపోయారని నా అభిప్రాయం. నిజానికి ఆ గుళికలను కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేసి మళ్లీ వాడుకోవచ్చు. అయితే పట్టుకున్న ఫ్లోరైడంతా ఆ కడుగునీటిలోకే దిగుతుంది కనుక దాన్ని బోరింగు పక్కన పారబోయకుండా వేరే ఏర్పాటు చేయాలి. కాచి తాగితే సరిపోతుందని కొందరు అంటున్నారు గాని, కాచితే నీరు ఆవిరై తగ్గుతుందే తప్ప ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది.

ఫిల్టర్ పెట్టే ప్రతి పథకంలోనూ గుళికల శుద్ధికి, నెలనెలా పరీక్షకు, ఆ పని చూసే ఊరి మనిషి జీతానికి ముందుగానే డబ్బు కేటాయించాలని, చివరిసారి శుద్ధి చేసిన తేదీని డ్రమ్ము మీద మరాఠీతో పాటు తెలుగులోనూ రాయించాలని అధికారులను కోరుతున్నాను. ఇప్పుడున్న సూచనల బోర్డు మరాఠీలోనే ఉంది, నీళ్లకు వచ్చే మా ముసలమ్మల్లో దాన్ని చదవగలిగినవారు ఒక్కరూ లేరు. అంతవరకు మా డ్రమ్ము మీద ‘తాగడానికి కాదు’ అని రాయించమని పంచాయతీని అడిగి, ఎర్ర రంగు డబ్బా నేనే కొనిచ్చాను. అది ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కేళాపూర్ తాలూకా, యవత్మాల్ జిల్లా