పోయినేడు మా దగ్గర రివర్స్ గొడుగు కొన్నవాళ్లకి

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో మా గొడుగుల కొట్టుకి ఏళ్ల తరబడి వస్తున్న అందరికీ నమస్కారం. కొత్త సరుకు వచ్చింది. దాని గురించి చెప్పేముందు పాత సరుకు సంగతి ఒకటి చెప్పాలి. పోయినేడు వానాకాలంలో మేం అమ్మిన రివర్స్ గొడుగుల్లో, అంటే తడి వైపు లోపలికి పోయేలా తిరగేసి మూసే గొడుగుల్లో, ఒక ముక్క నాసిరకం. అది మీ దగ్గర ఇంకా విరగకపోయినా, ఈ వానల్లో విరగవచ్చు.

ఒక పెద్దావిడ వచ్చి చెప్పేదాకా ఈ విషయాన్ని నేను పట్టించుకోలేదు. సూర్యారావుపేటలో డాక్టరుకి చూపించుకుని, జోరు వానలో కారెక్కారట. సీట్లో కూర్చుని, నేను చెప్పినట్టే గొడుగు బయటే మూసి, లోపలికి లాక్కుని తలుపేసుకున్నారు. బండి బెంజి సర్కిల్ దాటకముందే గొడుగు దానంతటదే విచ్చుకుంది. లోపల నిలిచిన నీళ్లన్నీ ఒళ్లో పడ్డాయి. "చీర తడిస్తే ఆరుతుంది బాబూ, రిపోర్టులన్నీ నానిపోయాయి" అన్నారు. ఆవిడ కోప్పడలేదు, దాంతో నాకు ఇంకా బాధేసింది.

ఆ గొడుగు అక్కడే విప్పి చూశాను. కర్ర మీద జారే ముక్కని మేం రన్నర్ అంటాం. మూసినప్పుడు స్ప్రింగుని బిగబట్టి ఉంచే కొక్కెం దాని లోపల ఉంటుంది. చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ ముక్క, మధ్యకి చీలిపోయి ఉంది. అంతకుముందే ఇద్దరు ఇదే మాట చెబితే, గట్టిగా లాగి ఉంటారులే అనుకున్నాను. అది నా తప్పు. వాళ్లిద్దరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను, డబ్బులు వెనక్కిచ్చాను.

ఈ గొడుగుని మేం కనిపెట్టలేదు. 1852లో ఇంగ్లండ్‌లో శామ్యూల్ ఫాక్స్ ఉక్కు పుల్లలు తెచ్చాక గొడుగు తేలికైంది గానీ, మూసే తీరు మాత్రం మారలేదు: పుల్లలు పిడి వైపు ముడుచుకుంటాయి, తడి గుడ్డ పైకి ఉంటుంది. కారెక్కేటప్పుడు తలుపు బార్లా తెరిస్తే తప్ప అది లోపలికి రాదు, వచ్చాక సీటు తడుపుతుంది. ఆ ఇంగ్లండ్‌లోనే జెనాన్ కాజిమ్ అనే ఇంజనీరు 2015లో జనం దగ్గర చందాలు పోగుచేసి తిరగేసి మూసే గొడుగుని బాగా ప్రచారంలోకి తెచ్చారు. పుల్లలు పిడికి ఎదురుగా, పైకి ముడుచుకుంటాయి. తడి వైపు లోపలికి పోతుంది, పొడి వైపు మన చేతికొస్తుంది. తలుపు జానెడు తెరిస్తే చాలు. దిగేటప్పుడు ముందు గొడుగు కొన బయటపెట్టి, బటన్ నొక్కి, దాని కిందే కాలు నేల మీద పెట్టొచ్చు. చంకలో బిడ్డతో దిగే తల్లుల్ని చూశాకే ఈ సరుకు తెప్పించాలనిపించింది.

కొత్తవాటిలో ఆ కొక్కెం ఇత్తడిది. నమ్మకం కుదరక ఒకదాన్ని తీసుకుని, రాత్రి కొట్టు కట్టేశాక మా అబ్బాయీ నేనూ మార్చి మార్చి వెయ్యిసార్లు మూసి తెరిచాం. కొక్కెం అంచు కాస్త మెరుపెక్కిందే గానీ అరగలేదు. అంచు చుట్టూ వెలుతురు పడితే మెరిసే పట్టీ కుట్టించాం. బందరు రోడ్డు మీద రాత్రి వానలో ట్రాఫిక్ వైపు తలుపు తీసి దిగేవాళ్లు వెనక బండికి కనపడాలి కదా. మూతి దగ్గర ఒక పట్టీ, ప్రెస్ బటన్ పెట్టాం. అయినా నీళ్లు నిలవడం మానలేదు. మూసిన గొడుగు గిన్నెలాంటిది. ఎక్కేముందు ఒక్కసారి తలకిందులు చేసి దులపండి, లోపల పిడి కిందికి ఉండేలా నిలబెట్టండి. అడ్డంగా పడేస్తే మామూలు గొడుగుతో ఎంత తడి అవుతుందో దీనితోనూ అంతే.

బండి మీద తిరిగేవాళ్లు దీన్ని కొనొద్దు, వాళ్లకి రెయిన్‌కోటే మేలు. రోజూ బ్యారేజీ మీద నడిచి వెళ్లేవాళ్లకీ అమ్మను. రెండు పొరల గుడ్డ కాబట్టి బరువెక్కువ, ఆ గాలికి చెయ్యి లాగేస్తుంది. బస్టాండుకి వెళ్లేవాళ్లకి పనికొస్తుంది గానీ సంచిలో పట్టదు. ఆటోల్లో తిరిగేవాళ్లు మూడు మడతలది తీసుకోండి, అందులో ఏ లోపమూ లేదు.

ఇత్తడి వల్ల, కుట్టు కూలి వల్ల ధర 550 నుంచి 640 అయింది. పాతదానికి కొక్కెం మార్చడానికి మాత్రం ఒక్క రూపాయి తీసుకోను. బిల్లు అక్కర్లేదు, మా సరుకు చూస్తే నేను గుర్తుపడతాను. పది నిమిషాల పని, కూర్చుంటే టీ తాగేలోపు అయిపోతుంది. పిడి పగిలినా, కుట్టు ఊడినా అదే చేత్తో సరిచేసి ఇస్తాను. ఆదివారం తప్ప రోజూ పొద్దున పదికల్లా కొట్టు తెరిచి ఉంటుంది. ఆ పెద్దావిడ గొడుగుకి కొత్త కొక్కెం వేసి సిద్ధంగా ఉంచాను. ఆవిడ ఫోన్ నంబరు నా దగ్గర లేదు, ఎవరైనా ఎరిగినవాళ్లు ఇది చదివితే దయచేసి ఆవిడకి చెప్పండి.